పెరటి పెట్టలకు కోడిపిల్లల ఎన్నిక

నలగొండ, మహబూబునగరు సీమల పల్లెలలో కోడి తిరుగని వాకిలి అరుదు. 2016లో ఈ రెండు పాత జిల్లాలు పలు జిల్లాలుగా విభజింపబడినవి. కాని నేల మారలేదు, బ్రతుకుతెరువు మారలేదు. ఎఱ్ఱచెల్కలలో జొన్న, కంది, ఆముదము, వేరుశనగ పండించుకొనుచు, వాన మొగము చాటువేసిన యేట పనులు వెదకుకొనుచు దూరప్రాంతములకు తరలిపోవు కుటుంబములు ఇచట తరతరములుగా కలవు. అట్టి ఇంటికి గంప క్రింద మూయు నాలుగు కోళ్ళు చిన్న ఆస్తి కాదు. చుట్టము వచ్చిననాడు మర్యాద నిలుపునవి అవియే. బిడ్డకు జ్వరము తగిలిననాడు అంగడికి కొనిపోయి అమ్ముకొన దగినవియు అవియే. పైగా ఆ డబ్బు సాధారణముగా ఇల్లాలి కొంగుననే ఉండును.

అయినను మన నాటుకోడి గ్రుడ్ల కొఱకు పెంచబడిన జాతి కాదని ఒప్పుకొనక తప్పదు. అది పది పన్నెండు గ్రుడ్లు పెట్టి పొదుగునకు కూర్చుండును. 21 దినములు పొదిగి, పిల్లలను వెంట నిడుకొని రెండుమూడు నెలలు తిప్పి, పిదప గాని మరల గ్రుడ్డు పెట్టదు. ఏడాది మొత్తమున అరువది గ్రుడ్లు వచ్చుట గొప్ప. వానిలో సగము పొదుగుటకే పోవును. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ మనిషికి ఏడాదికి 180 గ్రుడ్లు, అనగా దినము విడిచి దినము ఒక్కొక్కటి, కావలెనని చెప్పినది. ఐదుగురున్న ఇంటికి ఈ లెక్కన 900 గ్రుడ్లు కావలెను. నాటుపెట్టలతో ఆ లెక్క పూరించుటకు ముప్పది పెట్టలైనను ఉండవలెను. అన్నింటిని మేపగల పెరడు మన పల్లెలలో ఎందరికి కలదు?

ఈ కారణముననే నేడు చాలమంది గృహస్థులు హేచరీ పిల్లలను కొనుచున్నారు. యంత్రములలో గ్రుడ్లను పొదిగించి పిల్లలను అమ్ము హేచరీలు పెరిగినవి గనుక పిల్లలు దొరకుట కష్టము కాదు. ఏ పిల్ల ఏ పనికి పుట్టినదో తెలియక కొనుటవలననే నష్టము వచ్చుచున్నది. ఎక్కువ గ్రుడ్లు పెట్టు కోడియే మేలైన కోడి యను మాట పెద్ద ఫారములకు చెల్లును. పెరటికి కొలత వేరు. మన ఎండలో బ్రతికి, గద్దను తప్పించుకొని, మేతలో కొంత తానే వెదకుకొని, అటుపిమ్మట గ్రుడ్డు పెట్టునది పెరటికి మేలైన కోడి. ఈ కొలతను చేతబట్టుకొని పిల్లలను ఎన్నుకొను విధమును ఇందు వివరింప దలచితిమి.

కొనువారు మొట్టమొదట అడుగవలసిన ప్రశ్న: ఇది పెట్టయా, పుంజా? జాతరలలోను, వారపు సంతలలోను ఎఱుపు, పచ్చ, గులాబి రంగులద్దిన కోడిపిల్లలను గంపలలో పోసి చౌకగా అమ్ముచుందురు. పిల్లలు మారాము చేయుదురు. తల్లిదండ్రులు పది పిల్లలను కొని, ఐదారు నెలలకు గ్రుడ్లు వచ్చునని ఎదురుచూతురు. ఆ గ్రుడ్లు ఎన్నటికిని రావు. గ్రుడ్ల జాతి హేచరీలో పుట్టిన పిల్లలలో సగము పుంజులే యుండును. పుట్టిన దినముననే మలద్వారమును పరీక్షించి పెట్టను, పుంజును వేరుచేయు నేర్పును 1920ల దశకమున జపాను శాస్త్రజ్ఞులు కనుగొనిరి. నేడు కొన్ని జాతులలో రెక్క ఈకల పొడవును బట్టియు, నూగు రంగును బట్టియు గుర్తింపవచ్చును. అట్లు వేరుచేసిన పెట్టలు ఫారములకు పోవును. ఫారమునకు పనికిరాని పుంజులలో కొన్ని రంగులద్దుకొని సంతకు వచ్చును. అవి గ్రుడ్డు పెట్టజాలవు. గ్రుడ్ల జాతివి గనుక మాంసమును త్వరగా పట్టవు. అద్దిన రంగు మొదటి ఈకలతోనే రాలిపోవును.

మరియొక సందేహమును ఇచటనే తీర్చవలెను. పుంజు లేనిదే పెట్ట గ్రుడ్డు పెట్టదని కొందరి నమ్మకము. అది సరికాదు. తినుటకు కావలసిన గ్రుడ్లకు పుంజుతో పనిలేదు. పొదిగించుటకు కావలసిన గ్రుడ్లకు మాత్రమే పుంజు కావలెను.

రెండవ ప్రశ్న: ఈ జాతిని ఎవరు, ఏ వసతుల కొఱకు రూపొందించిరి? ఫారములలో పెంచు తెల్లకోళ్ళకు మూలము లెగ్‌హారన్ జాతి. ఇటలీలోని లివోర్నో రేవు పేరే ఆంగ్లేయుల నోట లెగ్‌హారన్ అయినది. ఆ జాతి అమెరికాకు పోయి, అచట గ్రుడ్ల కొఱకే వృద్ధి చేయబడి లోకమంతయు వ్యాపించినది. మన దేశమున డాక్టరు బి.వి. రావు 1971లో నెలకొల్పిన వెంకటేశ్వర హేచరీస్ వంటి సంస్థలవలన ఈ పరిశ్రమ విస్తరించినది. హైదరాబాదు పరిసరములు దేశములోని ముఖ్యమైన గ్రుడ్ల కేంద్రములలో ఒకటిగా పేరుపొందినవి. ఈ కోడి ఏడాదికి మూడువందల గ్రుడ్లు పెట్టును. అయితే ఆ మూడువందల వెనుక దినమునకు నూరు గ్రాములకు మించిన సమతూకపు దాణా కలదు, పదునారు గంటల వెలుతురు కలదు, గాలి ఆడు కొట్టము కలదు, క్రమము తప్పని టీకాలు కలవు. వీనినన్నిటిని తీసివేసి ఆ కోడిని మన వాకిట విడిచినచో మూడువందలు రావు. తెల్లని ఈకలు ఆకాశముననున్న గద్దకు దూరమునుండియే కనబడును. మేత వెదకుకొను చురుకుదనము తక్కువ. తగిన తిండి లేక పెట్ట చిక్కిపోయి గ్రుడ్డు మానివేయును. అది కోడి లోపము కాదు. పంజరమునకు తీర్చిన జాతిని పెరటికి తెచ్చుటయే పొరపాటు.

పెరటి కొఱకే రూపొందించిన జాతులు మన ముంగిటనే కలవు. హైదరాబాదు శివారున రాజేంద్రనగరములో భారత వ్యవసాయ పరిశోధన మండలి 1988లో కోళ్ళ పరిశోధన సంస్థను నెలకొల్పినది. అచట రూపొందిన వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి దేశమంతట పల్లెలకు చేరినవి. రాజేంద్రనగరముననే పశువైద్య శాస్త్రజ్ఞులు రాజశ్రీ యను రకమును తీర్చిరి, నేడది పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయము పక్షమున రైతులకు అందుచున్నది. ఇవి యన్నియు రంగురంగుల ఈకలు గల కోళ్ళు. ఆ రంగు వేడుకకు పెట్టినది కాదు. మట్టిలోను, పొదలలోను కలసిపోయి శత్రువు కంట పడకుండుటకే. పందెపు పుంజులను డేగ, కాకి, నెమలి, సేతువ యని ఈకలను బట్టి పిలుచు అలవాటు మనవారికి పూర్వమునుండియు కలదు. గ్రుడ్ల విషయమున మాత్రము ఈకల రంగు ఈ రక్షణను గూర్చియే చెప్పును. ఎన్ని గ్రుడ్లు వచ్చునో చెప్పజాలదు.

ఈ నాలుగింటిలో దేనిని ఎన్నుకొనవలెను? వనరాజా బరువైన కోడి. మాంసమునకు, గ్రుడ్లకు రెంటికిని పనికివచ్చును. పెరటిలో ఏడాదికి 100 మొదలు 110 గ్రుడ్ల వరకు పెట్టును. పుంజులు త్వరగా ఎదుగును గనుక వానిని అమ్ముకొనువారికి ఇది లాభము. బరువువలన పరుగు తక్కువ యగుటచే కుక్కలు, పిల్లులు ఎక్కువగా నున్న వాడలలో కొంత కావలి కావలెను. గ్రామప్రియ ముఖ్యముగా గ్రుడ్ల కొఱకు తీర్చిన కోడి. తేలిక శరీరము, చురుకు నడక. పెరటిలో 160 మొదలు 180 గ్రుడ్ల వరకు ఆశింపవచ్చును. శ్రీనిధి, రాజశ్రీ ఈ రెంటి నడుమ నిలుచును. ఏడాదికి సుమారు 150 గ్రుడ్లు పెట్టును. ఇంటిల్లిపాది గ్రుడ్లు తినుటయే కోరికయైనచో గ్రామప్రియ తగినది. గ్రుడ్లతోపాటు పండుగకు పుంజులును కావలెనన్నచో వనరాజా గాని, రాజశ్రీ గాని మేలు.

ఇటీవల పేరు మ్రోగుచున్న రెండు జాతులను గూర్చి కూడ చెప్పవలెను. అసీలు మన దేశపు ఘనమైన జాతి. దృఢమైన దేహము, మొండి ధైర్యము, రుచియైన మాంసము గలది. కాని గ్రుడ్లు నాటుకోడి కంటెను తక్కువ. కడక్‌నాథ్ మధ్యప్రదేశములోని ఝాబువా సీమది. 2018లో దాని మాంసమునకు భౌగోళిక గుర్తింపు లభించినది. నల్లని మాంసమునకు ధర పలుకవచ్చును గాని, గ్రుడ్ల కొఱకు అంత ధర పెట్టి ఆ పిల్లలను కొనుట లెక్కకు నిలువదు.

మూడవ ప్రశ్న: ఈ కోడి తరువాత ఏమి? నాటుకోడిని పెంచువారు మరల పిల్లలను కొనరు. తల్లియే పొదిగి మందను నిలుపును. గ్రుడ్ల కొఱకు తీర్చిన కోళ్ళలో పొదుగు గుణము చాలవరకు తగ్గింపబడినది. పొదుగునకు కూర్చున్న కోడి గ్రుడ్డు మానును గదా! గ్రామప్రియ పెట్ట తన గ్రుడ్లను తాను పొదుగునని నమ్మి కూర్చుండరాదు. పోనీ, ఆ గ్రుడ్లను నాటుకోడి క్రింద పెట్టి పొదిగింతమన్నచో పిల్లలు పుట్టును గాని తల్లి గుణము అన్నింటికిని సమానముగా రాదు. రెండు మూడు వంశములను కలిపి తీర్చిన కోడి యిది. సంకర విత్తనముతో ఒక పంట చక్కగా పండి, ఆ గింజనే మరల విత్తినప్పుడు చేను ఎగుడుదిగుడుగా వచ్చుట మన రైతులకు తెలిసినదే. కోడి విషయమును అంతియే. 1952 తరువాత సమాజాభివృద్ధి పథకముల దినములలో నాటుపుంజులకు బదులు లెగ్‌హారన్, రోడ్ ఐలండ్ రెడ్ పుంజులను పల్లెలకు పంచిరి. మొదటి తరము పెట్టలు హెచ్చు గ్రుడ్లు పెట్టినను, తరములు గడచి కలగలసినకొలది ఆ మేలు పలుచబడును.

కావున మేము చెప్పునది ఏమనగా, హేచరీ పెట్టలను తెచ్చుకొన్నను ఇంట రెండు నాటుపెట్టలను తప్పక ఉంచుకొనవలెను. గ్రుడ్లు హేచరీ పెట్టలవి, పొదుగు నాటుపెట్టది. హేచరీ నుండి పొదిగించు గ్రుడ్లు దొరకినచో నాటుపెట్ట క్రింద పెట్టి పిల్లలను తీయించుకొనవచ్చును. అట్లు పుట్టిన పిల్లలకు దీపము వేడి అక్కరలేదు. తల్లి రెక్క చాలును. గద్ద నీడ పడగానే దాగుటయు, చెదపుట్టను కెలకుటయు ఆ తల్లియే నేర్పును. నాటుకోడిని తరిమివేసి క్రొత్తజాతిని తెచ్చుకొన్న ఇల్లు ఏటేట హేచరీ గుమ్మమున నిలువవలసినదే.

నాలుగవ ప్రశ్న: మొదటి ఆరు వారములు ఎవరు సాకుదురు? పెరటికోళ్ళ పెంపకము తరచు ఇచటనే చెడును. ఒకదినపు పిల్లను తెచ్చి నేరుగా వాకిట విడుచుట దానిని కాకికి అప్పగించుటయే. మొదటి వారమున దానికి 95 డిగ్రీల ఫారెన్‌హీటు వేడి కావలెను. పిదప వారమునకు ఐదేసి డిగ్రీలు తగ్గించుచు పోవలెను. పిల్లకు రెండు వాట్ల చొప్పున బల్బు వ్రేలాడగట్టిన చాలును. వేడి సరిపోయినదో లేదో పిల్లలే తెలుపును. బల్బు క్రింద గుంపుగూడి కీచుమన్నచో చలి. దూరముగా పోయి నోరు తెరచినచో వేడి ఎక్కువ. అంతట పరచుకొని మేత మేయుచున్నచో సమము. రాత్రులు కరెంటు పోవు ఊళ్ళలో, పగలంతయు పొలమున నుండు ఇండ్లలో ఈ కాపుదల కష్టము. అట్టివారు ఒకదినపు పిల్లలను కొనక, నాలుగు మొదలు ఆరు వారముల వరకు పెంచి అమ్ము మదర్ యూనిట్ల నుండి ఎదిగిన పిల్లలను కొనుట మంచిది. ధర హెచ్చనిపించును, కాని చచ్చిపోయిన చౌకపిల్ల కంటె బ్రతికిన ప్రియపు పిల్లయే చౌక.

ఒకదినపు పిల్లలనే కొనువారు వానిని చేతబట్టుకొని చూడవలెను. నూగు పొడిగా, మెత్తగా ఉండవలెను. కన్నులు మెరయవలెను. బొడ్డు మూసికొని యుండవలెను. బొడ్డు వద్ద తడి గాని, దుర్వాసన గాని ఉన్నచో ఆ పిల్ల నిలువదు. కాళ్ళు నిగనిగలాడవలెను, ఎండి ముడుతలు పడిన కాళ్ళు నీరు చాలని గుర్తు. వెల్లకిల పరుండబెట్టినచో గిరుక్కున లేచి నిలువవలెను. గ్రుడ్డులోని పచ్చసొన కొంత కడుపులో మిగిలి యుండుటచే పిల్ల రెండు దినముల వరకు మేత లేకున్నను ఓర్చును; ఈ బలముననే హేచరీలు దూరములకు పిల్లలను పంపగలుగుచున్నవి. అంతమాత్రమున ఆలస్యము చేయరాదు. చల్లని వేళ ప్రయాణము పెట్టుకొని, ఇల్లు చేరగానే మొదట నీరు, పిదప మేత ఈయవలెను.

ఈ సీమలో చైత్ర వైశాఖముల ఎండ పెద్దకోళ్ళనే రొప్పించును. పిల్లలను తెచ్చుటకు తొలకరి గడచిన పిదప, జూలై ఆగస్టు నెలలు అనుకూలము. అవి ఆరు వారములకు బయట తిరుగ నేర్చునప్పటికి చేలగట్లపై పురుగు, పచ్చిక సమృద్ధిగా నుండును. సంక్రాంతి దాటి గ్రుడ్డు మొదలగునప్పటికి కళ్ళములలో గింజ రాలియుండును.

కొనునప్పుడే టీకాల సంగతి అడుగవలెను. కోళ్ళ పక్షవాతమునకు హంగేరీ పశువైద్యుడు మారెక్ పేర మారెక్స్ వ్యాధి యని పేరు. దీని టీకా పుట్టిన దినముననే హేచరీలో వేయవలెను. వేయించని పిల్లలను కొనరాదు. కొక్కెర తెగులు, అనగా రాణీఖేతు వ్యాధి, మన పల్లెలలో గంపలకు గంపలు ఖాళీ చేయు మహమ్మారి. కుమావు కొండలలోని రాణీఖేతు పేర ఆ వ్యాధికి పేరు వచ్చినది. ఆ కొండలలోనే యున్న ముక్తేశ్వరపు పరిశోధనాలయమున దానికి టీకాయు సిద్ధమైనది. మొదటి వారమున లసోటా చుక్క కంటిలో వేయించవలెను. రెండవ వారమున గంబోరో టీకా, ఎనిమిదవ వారము ప్రాంతమున కొక్కెర తెగులు సూదిమందు, మశూచి టీకా పశువైద్యుని సలహాపై వేయించవలెను. టీకా సీసాలు సాధారణముగా నూరు కోళ్ళకు తగ్గకుండ వచ్చును; కలిపిన మందు కొద్ది గంటలు దాటిన పనికిరాదు. పది కోళ్ళ ఇల్లాలు ఒక్కతె సీసా కొనుట నష్టము. వాడలోని పది ఇండ్లు ఒకేసారి పిల్లలను తెచ్చుకొని, ఒకేనాడు టీకా వేయించుకొనుట లాభము. పొరుగింటి కోడికి తెగులు తగిలినప్పుడు మన కోడి మాత్రము మిగులునా?

మేత విషయమున ఈ సీమకు ప్రత్యేకమైన హెచ్చరికలు రెండు కలవు. ఆముదపు గింజలోను, ఆముదపు పిండిలోను కోడిని చంపు విషము కలదు. ఆముదములు ఎండబోసిన కళ్ళము వైపు కోళ్ళను పోనీయరాదు. బూజుపట్టిన వేరుశనగ గింజలను, చెక్కను పారవేయుటకు మారుగా కోళ్ళకు వేయుట మరియొక ప్రమాదము. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా సీమకోళ్ళు అంతుపట్టని రోగముతో చచ్చినవి. విచారింపగా, దాణాలో కలిపిన వేరుశనగ పిండిలోని బూజు విషమని తేలినది. అఫ్లటాక్సిన్ అను పేరు లోకమునకు అప్పుడే తెలిసినది. మంచి జొన్ననూకలు, సజ్జలు, తవుడు సాయంకాలము పెట్టకు ముప్పది నలువది గ్రాముల చొప్పున చల్లిన చాలును. తక్కినది అదియే ఏరుకొనును. గ్రుడ్డు పెంకు దాదాపు అంతయు సున్నపు పదార్థమే గనుక, నలుగగొట్టిన నత్తగుల్లలను గాని, సున్నపురాతి రవ్వను గాని ఒక చిప్పలో ఉంచవలెను. వేసవిలో నీడ, చల్లని నీరు మరువరాదు.

ఎన్ని పిల్లలను తేవలెనో చివర లెక్క చూతము. ఐదుగురికి 900 గ్రుడ్లు కావలెనంటిమి. పెట్టకు 150 చొప్పున లెక్కించినచో ఆరు పెట్టలు చాలును. పెట్ట, పుంజు వేరుచేయని పిల్లలను తెచ్చువారు ఇరువదింటిని తేవలెను. సగము పుంజులు, మిగిలిన పది పెట్టలలో తెగులుకు, గద్దకు, పిల్లికి పోగా ఆరేడు గ్రుడ్డుకు వచ్చును. పుంజులను నాలుగైదు నెలలకు అమ్మినచో దాణా ఖర్చు కొంత తీరును. ఒక్క పెరటికి ఇంతకు మించి తెచ్చినచో తిరిగి ఏరుకొను మేత చాలక అన్ని కోళ్ళ గ్రుడ్లును తగ్గును. పిల్లల కొఱకు రాజేంద్రనగరమున ముందుగా పేరు నమోదు చేయించుకొనుట మంచిది. గడ్డిపల్లి, కంపాసాగరు, పాలెము, మదనాపురముల కృషి విజ్ఞాన కేంద్రములలోను, ఊరి పశువైద్యశాలలోను సలహా అడుగవచ్చును.

ఇంటిల్లిపాది కలసి మన వాకిలి ఎట్టిది, కావలి ఎవరు, కోరిక గ్రుడ్డా మాంసమా అని ముందు నిశ్చయించుకొన్నచో, ఏ పిల్లను తేవలెనో ఆ నిశ్చయమే చెప్పును. దినము విడిచి దినము బిడ్డల పళ్ళెములో ఒక్కొక్క గ్రుడ్డు పడుటకు ఆరు పెట్టలు, ఒక గూడు, సాయంకాలమున గుప్పెడు గింజలు చాలును.